చదవని వాక్యం

"ఆ పోంచో కింద పెట్టు," అంది యులీసా.

హెర్మెలిందా అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. లంగాలు ఎగదోపుకుంది. మా తమ్ముడు ఒంటి మీద కప్పుకునే గోధుమరంగు ఉన్ని పోంచో ఆమె చేతుల్లో సగం తడిసి వేలాడుతోంది.

"వినపడలా? కింద పెట్టమంటున్నా."

"పెడితే ఎవరు ఉతుకుతారే? నువ్వా? నువ్వు ముట్టుకుంటే మీ నాన్న ఆత్మ గడప దాటదు. లీమాలో ఐదేళ్ళుండొచ్చేసరికి అన్నీ మర్చిపోయావా?"

"ఏదీ మర్చిపోలేదు."

మా తమ్ముడు దెమెత్రియో, యులీసా తండ్రి, పోయి ఆ రోజుకి ఐదో రోజు. ఐదో రోజున పోయినవాడి బట్టలు ఏట్లో ఉతికి గడ్డి మీద ఆరెయ్యాలి. కట్టుకున్నవాళ్ళు, కన్నబిడ్డలు, తోడబుట్టినవాళ్ళు ఆ నీళ్ళు ముట్టకూడదు. అందరికంటే ముందు ఆ పని చెయ్యాల్సింది ఇంటి బిడ్డకి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిదండ్రులుగా నిలబడ్డవాళ్ళు. ఆ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిదని మా వైపు నమ్మకం. అందుకే ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. మగవాడైతే కొంపాద్రే, ఆడదైతే కొమాద్రే.

యులీసాకి జ్ఞానతల్లి హెర్మెలిందా. జ్ఞానతండ్రి ఆమె మొగుడు ఫౌస్తో.

పదకొండేళ్ళ కింద, యులీసా పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, ఫౌస్తో ఆమెని ఏం చేశాడో ఆ ఒడ్డున కూర్చున్న అందరికీ తెలుసు. అయినా పొద్దున హెర్మెలిందా సబ్బూ బేసినూ పట్టుకుని వస్తే ఎవరూ అడ్డం చెప్పలేదు. ఫౌస్తో రాలేదు, అది చాలనుకున్నాం.

"మీ నాన్న నాకు కొంపాద్రే," అంది హెర్మెలిందా. "ఆయన బట్టలు ఉతకాల్సింది నేను. నా మొగుడి సంగతి దేవుడు చూసుకుంటాడు."

"దేవుడు పదకొండేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నాడు."

ఉడికించిన మొక్కజొన్న గింజలు నములుతున్న ముసలి తెయోదోరా నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పిల్ల పల్లెటూరిదే గానీ నోరు మాత్రం లీమా బస్సెక్కి వచ్చింది," అని పక్కనామెతో గొణిగింది.

అది హెర్మెలిందా చెవిన పడింది. ఆమె మొహం ఎర్రబడింది.

"నోటికేం, బ్రహ్మాండంగా ఉంది. తెల్లారితే మా గడపలోకొచ్చి పాలు తాగిన నోరే కదా! ఇదిగో, అందరూ వినండి. మా దొడ్లో పెయ్య మెడకి తాడేసి ఈ పిల్ల తండ్రి తోలుకెళ్ళిన నాడే గొడవ తెగిపోయింది. ఊరి ముందు రాజీ అయింది, కాగితం రాసుకున్నాం. మళ్ళీ వాషింగ్టన్ దాకా పోయి మా పరువు తీయడమెందుకూ?"

ఒడ్డున కూర్చున్నవాళ్ళంతా యులీసా తల్లి వైపు చూశారు.

సతుర్నీనా, మా మరదలు, ఏటికి వీపు పెట్టి రాతి మీద కూర్చుని ఉంది. పెనిమిటి బట్టలు నీళ్ళలో మునగడం పెళ్ళాం చూడకూడదు. నల్ల శాలువా నుదుటి మీదకి లాక్కుంది. పెయ్య మాట వినగానే ఆమె తల కొద్దిగా కదిలింది.

యులీసా వీపున కట్టుకున్న దుప్పటి ముడి విప్పి ఒక కవరు తీసింది.

ఆ కవరు మంగళవారం రాజధాని లీమా నుంచి బస్సులో వచ్చింది. అది వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. మా కోర్టుల తలుపులన్నీ మూసుకున్నాక, పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడాదే యులీసా తన గోడు వాషింగ్టన్‌లో ఉన్న అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్‌కి పంపుకుంది. ఐదేళ్ళకి ప్రభుత్వం జవాబిచ్చింది. న్యాయం చెయ్యబోమని మేం అనలేదు, కుటుంబమే రాజీపడి ఫిర్యాదు మానుకుంది అని. రుజువుగా మా ఊరి తీర్మానాల పుస్తకంలోంచి ఒక పేజీ నకలు జతచేసింది. అడుగున దెమెత్రియో సంతకం, సతుర్నీనా వేలిముద్ర.

బదులివ్వడానికి ఇంక పన్నెండు రోజులే ఉంది. తల్లి వాంగ్మూలం లేకపోతే కేసు నిలబడటం కష్టమని లీమాలోని లాయరమ్మ రాసింది. "వేలు నాదే. ఇంకేం చెప్పను?" అని సతుర్నీనా వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజుల నుంచీ అదే మాట.

"కాగితం అంటున్నావుగా," అంది యులీసా హెర్మెలిందాతో. "ఇదే ఆ కాగితం. అందరూ వినండి. మా అమ్మ కూడా వినాలి."

"ఇక్కడెందుకమ్మా," అన్నాను నేను. "ఇంటికెళ్ళాక..."

"ఇంట్లో అడిగానత్తా. ఇంట్లో ఎవరూ మాట్లాడరు."

ఆమె ముందు స్పానిష్‌లో చదివింది. తర్వాత వాక్యం వాక్యం మా క్వెచువా భాషలో చెప్పింది. నేను నేర్పినట్టే, కామా దగ్గర ఆగి, చుక్క దగ్గర ఊపిరి తీసుకుని చదివింది.

"జ్ఞానతండ్రికీ బాలికకూ మధ్య కలిగిన అపార్థం విషయమై ఊరి పెద్దల ఎదుట ఇరువర్గాలూ సమావేశమైనవి. ఫౌస్తో ఊరు విడిచి వెళ్ళుటకు, బాలిక కంటబడకుండుటకు ఒప్పుకొనెను. పరిహారముగా ఒక పెయ్యను అందుకొని, తల్లిదండ్రులు ఏ అధికారి వద్దకూ వెళ్ళకుండ తమంతట తాము ఫిర్యాదును విరమించుకొనుచున్నారు."

సతుర్నీనా ఏటి వైపు తిరిగింది. చూడకూడదన్న సంగతి కూడా మర్చిపోయింది.

"ఆఖరిది మళ్ళీ చదువు."

యులీసా చదివింది.

"అది నాకు వినిపించలేదు," అంది సతుర్నీనా.

"అమ్మా?"

"వాడు ఊరొదిలి పోతాడు, మళ్ళీ నీ మొహం చూడడు అన్నారు. అది విని వేలేశాను. పెయ్య మాట లేదు. పోలీసుల మాట లేదు. నాకు చదువు రాదు గానీ చెవులు పనిచేస్తాయి."

"మరి పెయ్య?"

"సంతలో కొన్నానన్నాడు మీ నాన్న."

"నాకూ అదే చెప్పాడు."

యులీసా కాగితం కిందికి దించింది. ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. నుదుట తెల్లచుక్క ఉన్న ఆ పెయ్యని రెండేళ్ళు మేపింది తనే. ఊలు దారాలు పేని దాని చెవులకి ఎర్ర కుచ్చులు కట్టింది. బడికి వచ్చి, టీచర్, మా పెయ్య ఇవాళ నా చెయ్యి నాకింది అని చెప్పింది.

"బలవంతం చేసుంటారు నాన్నని," అంది చివరికి. ఎవరికో జవాబిస్తున్నట్టు అంది. "మెడ మీద చెయ్యి పెట్టి తోలించుంటారు. అందుకే మనకి చెప్పుకోలేకపోయాడు. పోలీస్ ఠాణాకి ఆరు గంటలు నాతో నడిచింది నాన్న ఒక్కడే. ఈ ఊళ్ళో ఇంకెవరు నడిచారు?"

ఇంకెవరూ నడవలేదు. నిజమే మరి.

"అమ్మా, నీకు ఇది చదివి వినిపించిందెవరు?"

సతుర్నీనా పేరు చెప్పలేదు. నా వైపు చూసింది, అంతే.

మా ఊళ్ళో తీర్మానాలు రాసేది టీచరు. ప్రెసిడెంటు చెప్తాడు, టీచరు రాస్తుంది, చదవడం రానివాళ్ళకి చదివి వినిపిస్తుంది. నా దస్తూరీ అచ్చులాగా ఉంటుందని అందరికీ గర్వం. ఆ పేజీ కూడా నేనే రాశాను. జరిగినదానికి ప్రెసిడెంటు వాడిన మాట నీచంగా ఉంది. పుస్తకం పదిమంది చేతుల్లో పడుతుంది, పిల్ల పేరు పక్కన ఆ మాట ఉండకూడదనుకున్నాను. ఇంకొంచెం మెత్తని మాట కోసం వెతికాను. అపార్థం అన్నది దొరికింది. ప్రభుత్వం పంపిన జవాబులో ఆ మాట ఏడుసార్లు ఉంది. నేను లెక్కపెట్టాను.

"నాకు మంగళవారమే తెలుసత్తా," అంది యులీసా. "అక్షరాలు దిద్దించింది నువ్వే కదా, నీ రాత నాకు తెలీదా? నువ్వే చెప్తావని చూస్తున్నా. శవం లేచిన ఇంట్లో ఎట్లా అడగను?"

"రాసింది నేనే."

"చదవకుండా వదిలేసింది?"

"నేనే."

"ఎవరైనా వద్దన్నారా?"

బట్టల మూటలో ఇంకా నాలుగు చొక్కాలు ఉన్నాయి. పైనున్న దాని కాలరు నేను కుట్టిందే.

"లేదు," అన్నాను. "నా అంతట నేనే వదిలేశాను."

అది అబద్ధం. ఆఖరి వాక్యం చెప్పి రాయించింది పట్నంలో ప్రాసిక్యూటర్ ఆఫీసు గుమస్తా. అతన్ని పికప్ బండి మాట్లాడుకుని ఊళ్ళోకి తీసుకొచ్చింది దెమెత్రియో. "సతుర్నీనాకి ఆ ఆఖరి ముక్క చదవకక్కా," అని నా చెవిలో అన్నదీ దెమెత్రియోయే. అప్పటికి వాడు తొమ్మిదిసార్లు పట్నం తిరిగాడు. ప్రతిసారీ ఆ గుమస్తాయే ఎదురొచ్చేవాడట. పిల్లని మళ్ళీ డాక్టరు ముందు పడుకోబెట్టాలి, మళ్ళీ మొదట్నించీ చెప్పించాలి, పేరు రేడియోలో వస్తుంది అనేవాడట. "ఇంక నడవలేనక్కా," అన్నాడు మా తమ్ముడు. నేను వాడి మొహం చూశాను, పేజీ తిప్పేశాను.

ఫౌస్తో ఊరొదిలి వెళ్ళాడు. మూడు నెలలకి బంగాళాదుంపల తవ్వకం మొదలవగానే తిరిగొచ్చాడు.

"అయితే టీచరమ్మ కూడా మాలో మనిషేనన్నమాట," అంది హెర్మెలిందా నీళ్ళలోంచి.

ఆ మాటకి తలెత్తి ఆమెని చూడలేకపోయాను.

సతుర్నీనా లేచి నిలబడింది. మోకాళ్ళ మీది మట్టి దులుపుకుంది.

"కొమాద్రే, నువ్వు ఆపకు," అంది. "ఆ చొక్కాలన్నీ ఉతుకు. కాలర్లు బాగా రుద్దు." తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఫోను ఎక్కడ అందుతుంది?"

"గుట్ట మీద, శిలువ దగ్గర."

"పద. ఆ లాయరమ్మతో మాట్లాడతాను. వదినా, నువ్వూ రా."

రెండు రోజులు బతిమాలినా కదలనిది అలా అనేసరికి యులీసా గబగబా కాగితం మడిచి కవర్లో పెట్టింది. తర్వాత చెప్పులు వేసుకోకుండానే బయల్దేరింది.

గుట్ట ఎక్కుతుంటే నాకు ఆయాసం వచ్చింది. సతుర్నీనా ముందు నడుస్తోంది, వెనక్కి తిరగడం లేదు. యులీసా నా కోసం ఆగి చెయ్యి ఇచ్చింది. దానికి నేను తగను. అయినా పట్టుకున్నాను.

"నీ మీద కోపం పోలేదత్తా," అంది. "అది వేరే సంగతి. ఇప్పుడు నువ్వు చెప్పడం ముఖ్యం."

"చెప్తాను."

"లాయరమ్మ ఏమందో తెలుసా? చిన్నపిల్లల మీద జరిగినదానికి రాజీ కుదర్చడం చట్టంలోనే లేదట. అందులో ప్రభుత్వం మనిషి చెయ్యి ఉందని తేలితే వాళ్ళ జవాబు వాళ్ళ మెడకే చుట్టుకుంటుందట. కానీ కళ్ళారా చూసినవాళ్ళు చెప్పాలి. ప్రెసిడెంటు చనిపోయాడు. ఫౌస్తో చెప్పడు. నాన్న బతికుంటే నాన్నే చెప్పేవాడు."

నేను మెట్టు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

అప్పటిదాకా ఆ గుమస్తా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. దెమెత్రియోని కాపాడుతున్నాననుకున్నాను. ఈ పిల్ల కేసు గెలిచే మాట పదకొండేళ్ళుగా నా నోట్లోనే ఉందని ఆ గుట్ట మీద అర్థమైంది. దాన్ని బయటపెడితే మా తమ్ముడి పేరు కూడా వెంటే వస్తుంది.

శిలువ దగ్గర గాలి ఎక్కువగా ఉంది. యులీసా రాతికి ఆనుకుని ఫోను కలిపింది. మా ముగ్గురికీ వినపడేలా స్పీకరు పెట్టింది. లాయరమ్మ పుట్టింది లీమాలోనే అయినా తల్లి మా వైపు మనిషి, క్వెచువా వస్తుంది.

సతుర్నీనా ఫోనుకి మరీ దగ్గరగా వంగింది. దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా మాట్లాడింది.

"నా పేరు సతుర్నీనా. యులీసా తల్లిని. నాకు చదువు రాదు. ఆ రోజు నాకేం చదివారో చెప్తాను, రాసుకో తల్లీ."

చెప్పింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, కుక్క మొరిగితే ఎవరు తరిమారో కూడా చెప్పింది. ఏదీ మర్చిపోలేదు. గుమస్తా గురించి మాత్రం, "పట్నం చొక్కా వేసుకున్న మనిషి ఒకడున్నాడు, ఎవరో నాకు తెలీదు," అంది.

"ఆ పేజీ రాసినావిడ ఎక్కడున్నారు?" అడిగింది లాయరమ్మ.

"నా పక్కనే ఉంది." ఫోను నా చేతిలో పెట్టింది.

"టీచరుగారూ, రికార్డు చేస్తున్నాను. మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే."

"అపార్థం అన్న మాట ఎవరిది?"

"నాది."

"నిజంగా ఏం జరిగిందో మీకప్పుడు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే రాశారా?"

"తెలిసే రాశాను. జరిగింది అత్యాచారం. పుస్తకంలో ఆ మాట రాయలేదు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. యులీసా మొహం అటు తిప్పుకుంది.

"ఆఖరి వాక్యం కూడా మీదేనా?"

"కాదు. అది ప్రాసిక్యూటర్ ఆఫీసు గుమస్తా చెప్తుంటే రాశాను."

యులీసా గబుక్కున నా వైపు తిరిగి భుజం పట్టుకుంది. ఆమె కళ్ళల్లో అంత వెలుగు చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు. "గుమస్తానా? ఆ పట్నం చొక్కావాడేనా? అమ్మా, విన్నావా? వాళ్ళ మనిషేనమ్మా!"

"టీచరుగారూ, ఇది చాలా ముఖ్యం," అంది లాయరమ్మ. గొంతు మారింది. "ఆయన పేరు గుర్తుందా?"

"గుర్తుంది." చెప్పాను.

"ఆయన మీ ఊరు ఎందుకొచ్చాడు? ఆఫీసు పంపిందా? ఫౌస్తో తీసుకొచ్చాడా?"

"ఫౌస్తో కాదు."

"మరి ఎవరు? అవతలివాళ్ళు మొదట అడిగేది ఇదే. ఇప్పుడు ఒక్కటి దాచినా రేపు మీరు చెప్పిందంతా కొట్టుకుపోతుంది. ఆయన్ని ఊళ్ళోకి తీసుకొచ్చిందెవరు?"

కింద ఏటి ఒడ్డున మనుషులు చిన్నచిన్నగా కనిపిస్తున్నారు. గడ్డి మీద బట్టలు ఒక్కొక్కటే పరుస్తున్నారు.

నా భుజం మీద యులీసా పట్టు వదులైంది. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ అంతే, లెక్క నేను చెప్పకముందే తనే చేసేసేది. పెయ్యని సంతలో కొన్నానన్న మాట, చదవకుండా వదిలేసిన వాక్యం, ఇప్పుడు నేను బదులు చెప్పకపోవడం. మూడూ కలిపి చూసుకున్నట్టుంది.

"అత్తా," అంది గొంతు తగ్గించి. "గుమస్తా పేరు చెప్పావుగా. చాలు. ఇంక వద్దు."

"టీచరుగారూ, లైన్లో ఉన్నారా?"

యులీసా ఫోను కోసం చెయ్యి చాపింది. సతుర్నీనా ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ఆపింది. కూతురి వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది.

"చెప్పు వదినా," అంది. "నేను వింటున్నాను."